అమ్మా, నాకో కెమెరా!

మా చిన్నదానికి తొమ్మిదేళ్ళు నిండడానికి ఇంకా నెల ఉందనగా, ఒకరోజు పొద్దున్నే నేను ఇడ్లీ పాత్రతో కుస్తీ పడుతున్న వేళ చూసి, వెనకనుంచి వచ్చి కొంగు పట్టుకుంది. “అమ్మా, ఈసారి పుట్టినరోజుకి నాకు గౌను వద్దు, కేకు వద్దు. నాకో కెమెరా కొనిపెట్టవూ? నొక్కగానే ఫోటో బయటికొచ్చేస్తుందే, ఆ కెమెరా!” అంది. ఒక పక్క కుక్కరు కూత, ఇంకో పక్క వీధిలో స్కూలు ఆటో హారను. ఆ సమయంలో ఏమడిగినా మన నోటివెంట “సరేలే, చూద్దాం” అనే వస్తుందని పిల్లలకి పుట్టుకతోనే తెలుసనుకుంటాను.

సాయంత్రం ఆరా తీస్తే తేలిందేమిటంటే, దాని క్లాసులో ఒక పిల్ల పుట్టినరోజుకి వాళ్ళ మేనమామ అలాంటి కెమెరా తెచ్చాడట. వచ్చిన పిల్లలందరికీ తలో ఫోటో తీసి చేతిలో పెట్టాడట. మా పాప తన ఫోటోని కంపాస్ బాక్సు మూతకి లోపలివైపు అంటించుకుంది. చూస్తే ఏటీఎం కార్డంత ఉంది. మొహం సగం ఫ్లాషుకి తెల్లబారిపోయింది. పక్క పిల్లది చెయ్యి మాత్రమే పడింది. అయినా దాన్ని చూసుకుని ఇది మురిసిపోవడం చూడాలి!

మావారితో చెబితే, “ఇంట్లో రెండు ఫోన్లున్నాయి. వాటిలో కెమెరాలుండగా మళ్ళీ కెమెరా ఏమిటోయ్!” అని పేపరులో తల దూర్చేశారు. నిజమే కదా అని నాకూ అనిపించింది. అక్కడితో ఆ మాట మరిచిపోయేదాన్నే. కానీ మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మ కిందటేడు మాఘమాసంలో పోయింది. పదకొండో రోజుకి దండ వేసి పెట్టడానికి ఒక్క ఫోటో కావాలని అందరం ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాం. అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం, కోడళ్ళు, అల్లుళ్ళు, అందరివీ కలిపి డజను ఫోన్లకి పైనే. వేలకొద్దీ ఫోటోలు. వాటిలో పెద్దమ్మ ఎక్కడుందో తెలుసా? ఎవరో కేకు కోస్తుంటే వెనకాల పళ్ళెం పట్టుకుని ఉంది. పెళ్ళిలో వడ్డిస్తూ పక్కకి తిరిగి ఉంది. పండక్కి గ్రూపు ఫోటోలో చివరన నిలబడితే చెవి నుంచి అవతలికి పడలేదు. ఇంకా పాతవి కావాలంటే, ఫోన్లు మార్చినప్పుడల్లా కొన్ని, నీళ్ళలో పడినప్పుడు కొన్ని ఎటో పోయాయి. ఆఖరికి ఆధార్ కార్డు మీది ఫోటోని స్టూడియోలో పెద్దది చేయించారు. బెదిరిపోయినట్టున్న ఆ మొహమే ఇవాళ మా అన్నయ్య వాళ్ళ హాల్లో దండ వేసుకుని ఉంది. పెద్దమ్మని ఎరిగినవాళ్ళెవరూ ఆవిడ అలా ఉండేదంటే ఒప్పుకోరు. నవ్వకుండా ఒక్క మాట మాట్లాడేది కాదు మరి.

ఆ రాత్రి, సరే, కాగితం మీద ఫోటో వచ్చే వస్తువొకటి ఇంట్లో ఉంటే మంచిదేలే అనుకున్నాను. మావారు కూడా, “పోనీ నువ్వే వెళ్ళి చూసిరా” అన్నారు. అదుగో, అక్కడ మొదలయింది నా అవస్థ. కెమెరా అంటే ఒకటే రకం అనుకున్నాను. మిక్సీ కొనడంకంటే కష్టమని తర్వాత తెలిసింది.

బీసెంట్ రోడ్డులో మొదటి కొట్టులోనే ఒకతను గులాబీరంగుది, పిల్లి చెవులున్నది తీసి చూపించాడు. ధర కూడా తక్కువే. నొక్కితే బుల్లి కాగితం చరచరా బయటికొచ్చింది. పాప ఎగిరి గంతేసింది. కానీ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకోగానే ఎక్కడో చూసినట్టే అనిపించింది. సూపర్ బజారు బిల్లు! అదే కాగితం. అందులో సిరా ఉండదు, ఫిలిమూ ఉండదు. వేడికి నల్లబడే పూత పూసిన కాగితపు చుట్ట ఉంటుంది. అందుకే ఫోటో నలుపు తెలుపుల్లోనే వస్తుంది. ఎండ తగిలినా, వేడి తగిలినా, కొన్నాళ్ళకి బస్సు టిక్కెట్టులాగే వెలిసిపోతుంది. నాలుగైదేళ్ళ పిల్లలకి అదే నయం. చుట్ట చవక, ఎన్ని పాడుచేసినా మనసు చివుక్కుమనదు. ఒకవేళ కొంటే, ఆ పూతలో బిస్‌ఫినాల్ అనే రసాయనం లేదని రాసిన చుట్టలే చూసి తీసుకోండి. అయితే దాచుకునే ఫోటో కావాలంటే మాత్రం అది పనికిరాదు. పెద్దమ్మని ఆ కాగితం మీద తీసుంటే ఈపాటికి అదీ తెల్లకాగితమే అయ్యుండేది.

రెండో రకం, వెనకాల చిన్న తెర ఉన్నవి. ముందు తెరమీద ఫోటో చూసుకుని, నచ్చినదాన్నే అచ్చు వేసుకోవచ్చు. వృథా లేదు. ఇవి బాగానే ఉన్నాయనిపించింది. కాకపోతే మామూలు దానికంటే ఖరీదు బాగా ఎక్కువ. పైగా పిల్లల్ని ఫోను తెర నుంచి తప్పిద్దామని చూస్తూ ఇంకో తెర చేతికిచ్చినట్టవుతుంది. మా పాపని ఎరుగుదును కదా, యాభై తీసి ఏది అచ్చు వెయ్యాలో తేల్చుకోలేక ఏడుస్తుంది.

మూడోది అసలైన ఫిలిం కెమెరా. దీని సంగతి మా పెద్దవాడు చదివి చెప్పాడు. ఇది పుట్టిందే ఒక చిన్నపిల్ల అడిగిన ప్రశ్న వల్లట. అమెరికాలో ఎడ్విన్ లాండ్ అనే శాస్త్రజ్ఞుడు 1943లో కుటుంబంతో శాంటా ఫే అనే ఊరికి సెలవులకి వెళ్ళాడు. అక్కడ కూతురికి ఫోటో తీస్తే, మూడేళ్ళ ఆ పిల్ల ఫోటో ఇప్పుడే ఎందుకు చూడకూడదని అడిగిందట. మనమైతే “నోర్ముయ్యి” అని ఊరుకునేవాళ్ళం. ఆయన ఆ ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు. 1947లో అప్పటికప్పుడు ఫోటో ఇచ్చే పద్ధతిని నలుగురికీ చూపించాడు. 1948 నవంబరులో బోస్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో మొదటి కెమెరాలు అమ్మకానికి పెట్టారు. అదే పోలరాయిడ్. తీయగానే దానంతటదే బయటికొచ్చి, కళ్ళెదుటే రంగులు తేలే రకం మాత్రం 1972లో వచ్చింది.

ఆ ఫిలిం ఎలా పనిచేస్తుందో వింటే నాకు మన వంటిల్లే గుర్తొచ్చింది. ఒక్కో ఫిలిం అంచులో చిన్న సంచి, అందులో చిక్కటి మందు ఉంటుంది. ఫిలిం బయటికి వచ్చేటప్పుడు రెండు రోలర్ల మధ్య నలిగి ఆ సంచి చిట్లుతుంది. పెనం మీద పిండి పోసి గరిటెతో తిప్పినట్టు, రోలర్లు ఆ మందుని ఫిలిమంతా పల్చగా పరుస్తాయి. ఇక అక్కడినుంచి ఫోటో నెమ్మదిగా తేలుతుంది. అందుకని చాలామంది చేసేటట్టు దాన్ని గాలిలో ఊపక్కర్లేదు. మందు లోపల మూసేసి ఉంటుంది, ఊపితే ఆరేదేమీ లేదు. వంగితే మచ్చలు పడటమే మిగులుతుంది. మందులో క్షారం ఉంటుంది కాబట్టి పిల్లలు ఆ ఫోటోల్ని కత్తెరతో కత్తిరించకుండా చూసుకోవాలి. ఒకవేళ చేతికంటితే వెంటనే నీళ్ళతో బాగా కడగాలి.

ఇంతలో అమెరికాలో ఉన్న మా తోడికోడలు ఫోనులో విని, “అక్కా, ఇక్కడ పాత పోలరాయిడ్ కెమెరాలు చవగ్గా దొరుకుతాయి. నేను వచ్చేటప్పుడు తెస్తానుండు” అంది. సంబరపడ్డాను. తీరా కనుక్కుంటే, పాత కెమెరా కొనడం పాత గ్యాసు పొయ్యి కొనడంలాంటిది కాదు. ఒక్కో కాలం కెమెరాకి ఒక్కో రకం ఫిలిం. ఒకదానిది ఇంకొకదానికి పనికిరాదు. పాతవాటి ఫిలిం పెట్టెలోనే బ్యాటరీ ఉంటుంది, కొత్త రకం ఫిలిం పెట్టెలో ఉండదు. దాంతో పాత కెమెరాలో కొత్త ఫిలిం పెడితే ఉలకదు పలకదు. ఆ మాటకొస్తే ఆ కంపెనీయే 2001లో దివాలా తీసింది. 2008లో ఫిలిం తయారీ ఇక ఆపేస్తున్నామని చెప్పారు. నెదర్లాండ్స్‌లో మిగిలిన ఒక్క ఫ్యాక్టరీని కొందరు అభిమానులు నిలబెట్టి, 2010 నుంచి మళ్ళీ ఫిలిం చేయబట్టి సరిపోయింది. లేకపోతే ఆ కెమెరాలన్నీ అటకెక్కేవే. అప్పుడు నాకు మొదటి పాఠం బోధపడింది. కెమెరా అందం కాదు చూడాల్సింది. దాని ఫిలిం మన ఊళ్ళో, మనకి కావాల్సినప్పుడు, మనం పెట్టగలిగే ధరలో దొరుకుతుందా లేదా అన్నది చూడాలి.

కాగితం, పెన్సిలు పట్టుకుని లెక్కలు వేశాను. పోలరాయిడ్ పెద్ద ఫిలిం పెట్టెలో 8 ఫోటోలే వస్తాయి. ఫోటో చక్కగా పెద్దదిగా ఉంటుంది కానీ, తేలడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. అంతసేపూ వెలుతురు తగలకుండా కాపాడాలి. ఫ్యూజీవాళ్ళ ఇన్‌స్టాక్స్ 1998 నుంచీ ఉంది. పెట్టెకి 10 ఫోటోలు. ఒకటిన్నర నిమిషంలో తేలిపోతుంది. అందులో మూడు సైజులు. మినీలో ఫోటో 62 మిల్లీమీటర్ల పొడుగు, 46 వెడల్పు. చదరంగా ఉండేది 62కి 62. వెడల్పుది 62కి 99. సైజు పెరిగినకొద్దీ ఫిలిం ధర పెరుగుతుంది, కెమెరా బరువూ పెరుగుతుంది. తొమ్మిదేళ్ళ పిల్ల చేతికి మినీయే సరిపోతుందనిపించింది. రెండు మామూలు పెన్సిలు బ్యాటరీలతో నడిచేది, వెలుతురు సంగతి అదే చూసుకునేది తీసుకుంటే పిల్లలకి తిప్పలుండవు. చేతికి తగిలించుకునే తాడు ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇక ఖర్చు. నేను కొన్న రోజున ఒక్క ఫోటోకి అరవై రూపాయల పైమాటే పడింది. అంటే ఒక్క నొక్కుకి లీటరు పాలు! నెలకి రెండు పెట్టెలయితే గ్యాసు బండ ఖరీదు దాటిపోతుంది. కెమెరా ఒకసారి కొని ఊరుకుంటాం. ఫిలిం నెల నెలా కొనాలి. ఏడాది తిరిగేసరికి ఫిలిం ఖర్చు కెమెరా ధరని దాటేస్తుందని లెక్క తేలింది. అయినా అమ్మ ఇచ్చిన డబ్బులు కొన్ని, పోపుల డబ్బాలోవి కొన్ని కలిపి, కెమెరా, మూడు పెట్టెల ఫిలిం కొన్నాను. ఇంత చదివి, ఇంత లెక్కపెట్టి కొన్నాను కదా, ఇక పొరపాటుండదనుకున్నాను.

పుట్టినరోజు సాయంత్రం హారతి ఇవ్వగానే పెట్టె విప్పారు. మొదటి ఫోటోలో పాప వేలే సగం అడ్డొచ్చింది. రెండోది తిరుగుతున్న ఫ్యాను. మూడోది మా వీధి పిల్లి. మరీ దగ్గరికెళ్ళి తీస్తే పాలలా తెల్లగా ఏదో మెరిసింది, మూలన ఒక చెవి కనిపించింది. ఇంకెన్ని మిగిలాయో చూద్దామని పెద్దవాడు వెనక తలుపు తెరిచాడు. వెలుతురు తగిలి మరో రెండు పోయాయి. చీకటి పడ్డాక డాబామీద నుంచి గుడి గోపురం తీసింది. ఆ ఫ్లాషు రెండు మీటర్లు దాటితే అందడమే గగనం, గోపురం దాకా ఎక్కడ వెళ్తుంది? ఆ ఫోటో నల్లపలక. బీరువా అద్దంలో తనని తనే తీసుకుంటే మొహం ఉండాల్సిన చోట మెరుపొకటే పడింది. పది ఫోటోల్లో మనుషులు పోల్చుకునేలా ఉన్నవి మూడు. గంటన్నరలో ఆరువందల పైచిలుకు!

అప్పటిదాకా ఓర్చుకున్నదాన్ని ఒక్కసారిగా అరిచేశాను. “ఒక్కొక్కటీ లీటరు పాల ఖరీదే! కళ్ళు నెత్తికెక్కాయా? ఫ్యానుకి ఫోటో ఏమిటి?” అని. పుట్టినరోజు పిల్ల అని కూడా చూడలేదు. వచ్చిన చుట్టాలు తలలు తిప్పుకున్నారు. అది మారు మాట్లాడలేదు. కెమెరాకి తాడు చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, బీరువాలో తన బట్టల కింద దాచేసింది.

ఒక వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. కెమెరా మాటే లేదు. రెండో పెట్టె ఫిలిం వేసి ఉంది, పదికి పదీ అలాగే ఉన్నాయి. పాడుచేయడం లేదులే అని మొదట సంతోషించాను కూడా. మా ఆడపడుచు పిల్లలు వచ్చినప్పుడు, “ఫోటో తియ్యవే” అంటే తల అడ్డంగా ఊపింది. రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని అడిగితే, “తీస్తే పాడవుతుందేమోనమ్మా. నువ్వు తిడతావు” అంది. నాకు నోట మాట రాలేదు. వేలు పోసి కొన్నది భయాన్నా అనిపించింది.

ఆదివారం పొద్దున అట్లు పోస్తున్నాను. అత్తయ్యగారు పీట వేసుకుని పక్కనే కొబ్బరి తురుముతున్నారు. మొదటి అట్టు పెనానికి అతుక్కుని ముక్కలయింది. విసుక్కోకుండా గీకి పక్కన పడేసి, ఉల్లిపాయ ముక్కతో పెనం తుడిచి రెండోది పోశాను. ఆవిడ చూసి నవ్వారు.

“ఏం అమ్మాయ్, ఆ అట్టుని తిట్టవేం?”

“దాన్నెందుకు తిట్టడం అత్తయ్యా? మొదటిది ఎప్పుడూ అంతేగా!”

“నువ్వు కాపురానికొచ్చిన కొత్తల్లో మొదటిదేమిటి, నాలుగోది కూడా రాలేదు. నేనేమన్నా అన్నానా? పిండి రుబ్బుకునేటప్పుడే ఆ పోయే అట్లకి కూడా కలిపి రుబ్బుకుంటాం. నువ్వు పిల్లకి ఫోటోలకి లెక్కవేశావు గానీ, పోయే ఫోటోలకి లెక్క వెయ్యలేదు” అన్నారు.

ఇరవై ఏళ్ళుగా ఆవిడ చేతి కింద వంట నేర్చుకున్నాను. ఆ మాట నాకెందుకు తోచలేదో! మన చిన్నప్పుడు 36 ఫోటోల రీలు వేయించి, కడిగించుకు వస్తే అందులో ఎన్ని కళ్ళు మూసుకుని ఉండేవో, ఎన్నింటికి తలకాయలు తెగిపోయేవో! ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. నవ్వుకుంటూ వాటినీ ఆల్బంలో పెట్టుకున్నాం. ఇవాళ ఫోనులో తీసినవి కూడా వందకి తొంభై పనికిరానివే. కాకపోతే వాటికి ఖరీదు కనిపించదు.

ఆ రోజే పాపని కూర్చోబెట్టుకుని ఒడంబడిక చేసుకున్నాను. నెలకి ఒక్క పెట్టె. పది ఫోటోలు. అందులో మూడు ‘మొదటి అట్లు’. అవి ఎలా వచ్చినా ఇంట్లో ఎవరూ మాటనకూడదు. మిగతా ఏడూ తన ఇష్టం, ఫ్యానుకి తీసుకున్నా సరే. ఇంకో పెట్టె కావాలంటే నెల తిరగాలి. ఈ ముక్క కొనేరోజునే అనుకుని ఉంటే ఎంత బాగుండేది! మీరెవరైనా పిల్లలకి కొనాలనుకుంటే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. ఒక పెట్టె ఫిలిం అంతా పాడయినా నేను నవ్వగలనా? నవ్వలేననుకుంటే ఆ తెర ఉన్నదో, కాగితపు చుట్టదో కొనండి. తప్పేమీ లేదు. లేదా ఇంకో ఏడాది ఆగండి.

తర్వాత ఇద్దరం కూర్చుని ఎక్కడ తప్పు పోతోందో చూశాం. నొక్కకుండానే కంటిదగ్గర పెట్టుకుని ఇల్లంతా తిరగమన్నాను. దానికి ఖర్చులేదు కదా! మనిషికి నాలుగడుగుల దూరంలో నిలబడాలని, కిటికీ అద్దం, బీరువా, స్టీలు గిన్నెలు వెనకాల ఉంటే ఫ్లాషు ఎదురు కొడుతుందని కనిపెట్టింది. చూసే కన్ను వేరు, తీసే కన్ను వేరు కాబట్టి మరీ దగ్గర్నుంచి తీస్తే మనం అనుకున్నది పక్కకి జరిగిపోతుంది. దగ్గరవాటికి కెమెరా మీద వేరే మీట ఉంటే అది తిప్పాలి. ఫోటో బయటికొచ్చే సందుకి చెయ్యి అడ్డుపెట్టకూడదు. ఫిలిమంతా అయ్యేదాకా వెనక తలుపు ఎవరూ ముట్టుకోకూడదని, ఆ తలుపు మీద తనే ఒక కాగితం అంటించింది. పెద్దవాడికి అర్థమయ్యేట్టు ఎర్ర పెన్నుతో.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. ఆ ఫిలిం 5 డిగ్రీల నుంచి 40 డిగ్రీల లోపు వాడాలని పెట్టెమీదే రాసి ఉంది. బెజవాడలో మే నెలలో 40 ఏ మూలకి? ఒకరోజు మధ్యాహ్నం కెమెరాని స్కూటరు డిక్కీలో వదిలేశాం. ఆ తర్వాత తీసిన వాటిలో రంగులు అదోలా వచ్చాయి. తప్పు మాదే. అప్పట్నుంచి విప్పని ఫిలిం పెట్టెలు ఫ్రిజ్‌లో, కింది అరలో, డబ్బాలో ఉంటున్నాయి. ఫ్రీజరులో మాత్రం పెట్టకూడదు. వాడేముందు తీసి, చల్లదనం పోయేదాకా బయట ఉంచి, అప్పుడు రేకు విప్పాలి. లేకపోతే చెమ్మ పడుతుంది. ఒకసారి విప్పాక నెలల తరబడి ఉంచకుండా వాడేయాలి. కొనేటప్పుడు తేదీ చూసుకోవడం మందుల సీసాకి చూసినట్టే. విదేశాలనుంచి ఎవరైనా తెస్తుంటే, పెద్ద సూట్‌కేసులో వేయకుండా చేతిసంచిలో పెట్టుకు రమ్మని చెప్పండి. సామాన్లని చూసే ఎక్స్‌రే గట్టిది, ఫిలిం పాడవుతుంది.

ఇక పాప తీసినవి చెబుతాను. రెండో పెట్టెలో నిజంగానే రెండు పోయాయి. ఎవరం ఏమీ అనలేదు. మావారు ఏదో అనబోతే నేను కళ్ళతోనే ఆపాను. తక్కిన వాటిలో నేను తియ్యమని చెప్పినవి ఒక్కటీ లేవు. గేటు దగ్గర పూలమ్మి, మావారి చెప్పుల జత, నా చెయ్యి. అవును, చపాతీ వత్తుతున్న నా చెయ్యే, గాజులతో సహా. మా ఇంట్లో పనిచేసే ఆవిడని తీస్తే, ఆవిడ ఫోటో తేలేదాకా గిన్నెలు వదిలేసి కదలకుండా చూస్తూ నిలబడింది. “నా పెళ్ళిలో దిగిందే పాపా, మళ్ళా కాయితం మీద నా బొమ్మ చూసింది లేదు” అంది. పాప వెంటనే ఆ ఫోటో ఆవిడకిచ్చేసింది. నన్నడగలేదు. అడగనందుకు నాకు సంతోషం వేసింది.

అత్తయ్యగారి ఫోటో ఆవకాయ కలిపిన రోజుది. రెండు చేతులకీ కారం, కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. మనవరాలు ఏమందో ఏమో, నోరారా నవ్వుతున్నారు. పది ఫోటోల్లో అదే మాణిక్యం. విశాఖలో ఉన్న మా ఆడపడుచు ఫోనులో చూసి, “అమ్మ ఫోటో నాకే పంపాలి” అంది. ఇక్కడే చిక్కు. ఈ ఫోటోకి నెగెటివు ఉండదు. ఉన్నది ఒక్కటే. ఫోనుతో దాన్ని మళ్ళీ తీసి పంపొచ్చుగానీ, ఆవిడకి కాగితమే కావాలట. పాప ఇంకో ఫిలిం ఖర్చుపెట్టి నానమ్మని మళ్ళీ కూర్చోబెట్టింది. ఈసారి ఆవిడ కొంగు సర్దుకుని, బొట్టు దిద్దుకుని, బిగుసుకుని కూర్చున్నారు. ఫోటో శుభ్రంగా వచ్చింది. నవ్వే రాలేదు.

ఏది ఎవరికివ్వాలని పాప రెండూ పట్టుకుని తేల్చుకోలేక నిలబడింది. అత్తయ్యగారే తేల్చేశారు. “బొట్టు పెట్టుకున్నది మీ అత్తకి పంపు. నవ్వుతున్నది ఇక్కడ ఉంచండి. రేపెప్పుడైనా నాకు ఆధార్ కార్డు ఫోటో పెట్టేరు!”

అందరం నవ్వేశాం. ఆవిడ కూడా నవ్వి, కొబ్బరి చిప్పలు ఎండబెట్టడానికి డాబామీదకి వెళ్ళిపోయారు. నేను ఆ ఫోటో కింద తెల్ల అంచుమీద మార్కరు పెన్నుతో తేదీ రాసి, ఎండ తగలని చోట దాచాను. నెల తిరిగితే ఇంకో పెట్టె వేయాలి. అందులో పోయే అట్లకి కూడా డబ్బులు ఇప్పుడే పోపుల డబ్బాలో వేశాను.